ఎర్ర పెన్సిలుతో రెండో చదువు: బరువైన కథను అచ్చుకు పంపే ముందు

"మీరు రాసింది నిజమే సార్. మనిషి పోతేనే లెక్కలు తేలతాయి."

పొదిలి వైపు నుంచి ఒక కౌలు రైతు ఫోనులో నాతో అన్న మాట ఇది. ఆ వారమే ఒక ఆదివారం అనుబంధంలో నా కథ వచ్చింది. వేలం కేంద్రంలో పొగాకు బేళ్లు కొనేవాడు లేక వరసగా వెనక్కి రావడం, పొగాకు ఆకును ఆరబెట్టే బ్యారన్ మీద చేసిన అప్పు, చివరకు రైతు చావు. అతను పోయాక అప్పులవాళ్లు గుమ్మం ఎక్కడం మానేస్తారు. పరిహారం చెక్కు వస్తుంది. కూతురి పెళ్లి జరిగిపోతుంది. బతికున్నప్పుడు పలకరించని వ్యవస్థ పాడెకు మాత్రం భుజం పడుతుందని నా వెటకారం. 2015లో ధరలు పడిపోయి ప్రకాశం జిల్లాలో పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్న రోజుల కోపమంతా అందులో పోశాను. మిత్రులు మెచ్చుకున్నారు, వాళ్లకు వెటకారం అందింది. ఆ రైతుకు మాత్రం అది సలహాగా అందింది.

అప్పటి నుంచి నాకు ఒక పద్ధతి ఏర్పడింది. ఒంగోలులో నెలకోసారి నలుగురం కూర్చుని కథలు చదువుకునే చోట కొత్తగా రాసేవారు దీని గురించి అడుగుతుంటారు కాబట్టి రాసిపెడుతున్నాను. కథలు రాసేవారికే కాదు, మండలాల నుంచి పత్రికలకు వార్తలు పంపే విలేఖరులకు కూడా ఇందులో కొంత పనికొస్తుంది.

ముందు మీ ఇష్టం వచ్చినట్టు రాయండి

మొదటి ప్రతి రాసేటప్పుడు ఎవరి గురించీ భయపడకండి. చదివేవాడు నొచ్చుకుంటాడేమోనని మొదటి వాక్యం నుంచే తడబడితే కథ పుట్టదు, ఉపన్యాసం పుడుతుంది. చావు, అప్పు, తాగుడు, కొట్టే భర్త, పరీక్ష తప్పిన పిల్లవాడు, వీటి గురించి రాయకుండా మన జిల్లాల గురించి ఎవరు మాత్రం ఏం రాయగలరు? చీకటిని తీసేయమని నేను చెప్పడం లేదు. రాసిన ప్రతిని పది రోజులు బీరువాలో పెట్టండి. తరవాత ఎర్ర పెన్సిలు తీయండి.

ఎవరు చదువుతారో పేరు లేకుండా రాసుకోండి

"పాఠకుడు" అని రాసుకుంటే లాభం లేదు. ఆ మాటకు ముఖం ఉండదు. ఒక కాగితం మీద నలుగురు మనుషులను వాళ్ల స్థితితో సహా రాయండి. నా కాగితం ఇలా ఉంటుంది: నెల్లూరు హాస్టల్లో ఇంటర్ రెండో ఏడాది చదువుతూ అర్ధరాత్రి దుప్పటి కింద ఫోను వెలుగులో చదివే అమ్మాయి. తెల్లమచ్చ తెగులు వచ్చి రొయ్యల గుంట మొత్తం పోగొట్టుకుని, మేత కొట్టువాడికి మొహం చాటేస్తున్న మనిషి. గల్ఫ్‌లో ఉన్న భర్త డబ్బు పంపడం మానేస్తే ఇద్దరు పిల్లలతో పుట్టింట్లో మాటలు పడుతున్న ఇల్లాలు. నిరుడు కొడుకును పోగొట్టుకున్న తల్లి.

ఈ నలుగురూ మీ కథ చదవకపోవచ్చు. కానీ రెండోసారి చదివేటప్పుడు వాళ్లలో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకోండి. అందరినీ ఒకేసారి వద్దు. ఏ పేజీకి ఎవరు ఎక్కువ దగ్గరో ఆ ఒక్కరే చాలు.

కథ చదివి ఎవరైనా ఏదైనా చేస్తారా అని నవ్వేవారు ఉంటారు. అలాంటివారికి నేను కలిగిరి మండలం దూబగుంట చూపిస్తాను. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్నప్పుడు, రాత్రి బడుల్లో అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న ఆడవాళ్ల చేతికి వాచకంలో సీతమ్మ కథ వచ్చింది, సారాకు ఎదురు నిలబడిన ఆడదాని కథ. చదివినవాళ్లు పుస్తకం మూసి పడుకోలేదు. మన ఊళ్లో ఎందుకు కాకూడదని అడిగారు. రోసమ్మ వంటి స్త్రీలు ముందు నిలిచారు, సారా కొట్లు మూతపడ్డాయి, ఊరి నుంచి ఊరికి అది పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారాను నిషేధించారు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. అన్నీ ఆ ఒక్క పాఠం వల్లే జరిగాయని నేను అనను. తాగుడుతో కాపురాలు కాలిపోతున్న ఆడవాళ్లు అప్పటికే అక్కడ ఉన్నారు. అయినా గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. అక్షరం కొత్తగా చేతికొచ్చినవారు, గుండె మండుతున్నవారు కథను కథగా చదవరు. తమకు వచ్చిన ఉత్తరంలా చదువుతారు. మంచి జరిగినప్పుడు ఆ గొప్పలో వాటా తీసుకునే రచయిత, చెడు జరిగితే "నేను కథ మాత్రమే రాశాను" అనడం నాకు నచ్చదు.

పెన్సిలు పెట్టవలసిన చోట్లు

మొదటిది విధానం. ఏ మందు, ఎంత, ఏ వేళ, ఏ గది. ఇవి ఉన్న ప్రతి వాక్యం కింద గీత గీయండి. కథకు వాటి అవసరం దాదాపు ఎప్పుడూ ఉండదు. నా కథలో మందు డబ్బా పేరు కూడా రాశాను, వాస్తవికత అనుకుని. దాన్ని కొట్టేసి, మర్నాడు పొద్దున అతని చెప్పులు గట్టు మీద ఉన్నాయని రాస్తే సరిపోయేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలవారికి ఇచ్చే సూచనల్లో ముఖ్యమైనది ఇదే. మన ప్రెస్ కౌన్సిల్ 2019లో వాటినే స్వీకరించింది: విధానం చెప్పవద్దు, చోటు చెప్పవద్దు, శీర్షికలో సంచలనం వద్దు. విలేఖరులకు ఇది నియమం. కథకుడికి నియమం కాదు, కానీ కారణం ఇద్దరికీ ఒకటే.

చోటు విషయంలో మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. నిజంగా జరిగినదాన్ని కథ చేస్తే పేరు మార్చినంత మాత్రాన చాలదు. బోరు పక్కన వేపచెట్టు, రెండో కూతురికి మెల్లకన్ను అని రాశారంటే చుట్టుపక్కల నాలుగు ఊళ్లు గుర్తుపడతాయి. ఆ ఇంట్లో మిగిలిన పిల్లలు బడికి వెళ్లాలి.

రెండోది కారణం. "అప్పుల బాధ తాళలేక", "పరీక్ష తప్పడంతో మనస్తాపానికి గురై" అని వార్తల్లో రోజూ చూస్తాం. ఒక కారణం, ఒక ఫలితం, మధ్యలో ఒక కామా. నిజ జీవితంలో అలా ఉండదు. అప్పుతో పాటు నిద్రలేమి ఉంటుంది, ఎవరికీ చెప్పని జబ్బు ఉంటుంది, తాగుడు ఉంటుంది, అన్నదమ్ములతో మాటలు లేకపోవడం ఉంటుంది. అదే అప్పు ఉన్న పక్క చేను రైతు బతికే ఉంటాడు. ఎందుకు బతికాడన్నది కూడా కథే, మనం రాయం అంతే. ఒక్క కారణం రాస్తే, ఆ ఒక్క కారణం ఉన్న పాఠకుడికి దారి ఒక్కటే కనిపిస్తుంది.

మూడోది ఫలితం. ఇక్కడే నేను దెబ్బతిన్నాను, అందుకే కొంచెం ఆగుతాను. పాత్ర చనిపోయాక ఏం జరిగిందో చూడండి. మీ కథలో చావు ఏదైనా సాధించిందా? అప్పు తీరిందా, ప్రేమించినవాడు పశ్చాత్తాపపడ్డాడా, అత్తగారు గుండెలు బాదుకుందా, ఊరంతా అతని మంచితనం గురించి మాట్లాడిందా? అలా ఉంటే ఆ చావు పని చేసిందని మీ కథ చెబుతోంది. మీరు ఏ ఉద్దేశంతో రాశారన్నది దానికి అడ్డు రాదు. వెటకారంగా రాసినా సరే. కడుపు నిండినవాడికి అర్థమయ్యే వెటకారం, పీకల్లోతు మునిగినవాడికి అక్షరాలా అర్థమవుతుంది. ఇది అతని తెలివి తక్కువ కావడం వల్ల కాదు. మునుగుతున్నవాడు తాడును చూసినప్పుడు అది బొమ్మా నిజమా అని పరీక్షించడు.

మాటలను విడిగా ఏరండి

"తనువు చాలించింది", "శాశ్వత నిద్రలోకి జారుకుంది", "కష్టాలకు ముగింపు పలికాడు." ఇవి మనకు అలవాటైపోయిన మాటలు, చావుకు పట్టుచీర కట్టే మాటలు. "చనిపోయాడు" చాలు. దానికంటే నాకు ఎక్కువ కోపం తెప్పించేది "ఆత్మహత్యకు విఫలయత్నం". మనిషి బతికాడు, మనం దాన్ని వైఫల్యం అంటున్నాం! ఆసుపత్రి మంచం మీద ఉన్న పిల్లవాడు మర్నాడు పేపర్లో తన గురించి ఆ మాట చదివితే, మార్కుల జాబితాలో వచ్చిన సున్నా పక్కన ఇంకో సున్నా చేరినట్టు ఉంటుంది. "ప్రాణాపాయం తప్పింది" అని రాయండి.

"పిరికివాడు" అన్న మాట కూడా తీసేయండి. ధైర్యం చెబుతున్నామనుకుని దాన్ని వాడతాం. ఆ మాట విన్నవాడు ధైర్యం తెచ్చుకోడు, ఉన్న విషయం దాచుకుంటాడు.

ముందుమాట అతికించి చేతులు దులుపుకోకండి

జర్మన్ కవి గోథే 1774లో ప్రేమ విఫలమై ప్రాణం తీసుకున్న యువకుడి నవల రాశాడు. కుర్రవాళ్లు అందులోని నాయకుడిలా నీలం కోటు, పసుపు వెయిస్టుకోటు వేసుకుని తిరిగారు. అతనిలాగే చనిపోతున్నారన్న భయంతో లైప్‌జిగ్ నగరంలో 1775లో పుస్తకాన్నీ ఆ దుస్తులనూ కూడా నిషేధించారు. అదే ఏడాది వచ్చిన రెండో ముద్రణలో గోథే ఒక పద్యం చేర్చాడు. మగవాడివై ఉండు, నన్ను అనుసరించకు అని నాయకుడే పాఠకుడితో చెప్పినట్టు. నవల వచ్చిన సరిగ్గా రెండు వందల ఏళ్లకు, 1974లో, అమెరికా సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ ఫిలిప్స్ పత్రికల్లో ఇలాంటి వార్తలు ప్రముఖంగా వచ్చాక మరణాలు పెరగడాన్ని చూపించి, దానికి ఆ నాయకుడి పేరే పెట్టాడు: వెర్థర్ ప్రభావం. అంటే నవల పేరు జబ్బుకు నిలిచింది, పద్యం ఎవరికీ గుర్తు లేదు. నవల మొత్తం ఒకవైపు లాగితే నాలుగు పాదాలు ఇంకోవైపు లాగలేవు.

దీనికి ఎదురుగా ఇంకో మాట ఉంది. 2010లో వియన్నా పరిశోధకులు, చావాలనుకున్న మనిషి ఆ గడియ దాటి బయటపడిన వృత్తాంతాలు పత్రికల్లో వచ్చినప్పుడు మరణాలు తగ్గడం గమనించారు. మొజార్ట్ 1791 నాటి సంగీత నాటకంలో ఆ అంచుకు వెళ్లిన పాపగేనోకు ముగ్గురు పిల్లలు నీ దగ్గర గంటలున్నాయి కదా, మోగించు అని గుర్తు చేస్తారు. అందుకే దీన్ని పాపగేనో ప్రభావం అన్నారు. సుఖాంతం రాయమని దీని అర్థం కాదు. కథలో ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరు, ఇంకో తలుపు ఉందని చూపిస్తే చాలు. పాత్ర దాన్ని తెరవకపోయినా పరవాలేదు, పాఠకుడికి కనిపిస్తుంది.

కథ చివర సహాయం నంబరు వేయడం మంచిదే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు 10 నుంచి పని చేస్తోంది, రాత్రీ పగలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. ఏ నంబరు వేసినా అచ్చుకు ముందు మీరే ఒకసారి చేసి చూడండి. మోగని నంబరు వేయడం కంటే వేయకపోవడం మేలు.

సాహిత్యం తెలియని మనిషికి చదివి వినిపించండి

మన మిత్రులు శిల్పం చూస్తారు. మీకు కావలసింది కథలు చదవని మనిషి. నేను మా వీధిలో కుట్టుమిషను నడిపే ఒక అక్కకు చదివి వినిపిస్తాను. బాగుందా అని అడగను. "చివరికి ఏం జరిగిందక్కా? ఆ పిల్ల చేసింది సరైనదేనా?" అని అడుగుతాను. ఆమె చెప్పే జవాబు మీరు అనుకున్నదానికి ఆమడ దూరంలో ఉంటే ఆమెకు వివరించకండి, వివరణతో పాటు మీరు ప్రతి ఇంటికీ వెళ్లలేరు. కథను దిద్దండి.

అదే బాధ పడినవారికి చూపించాలనుకుంటే ముందు విషయం చెప్పి, చదవగలరా అని అడగండి. "వద్దు" అంటే అక్కడితో ఆపండి. వాళ్ల గాయం మీ ప్రతికి కొలబద్ద కాదు.

బొమ్మ, శీర్షిక, రోజు

మీరు ఎంత జాగ్రత్తగా రాసినా చిత్రకారుడు దూలానికి తాడు గీస్తే అంతా పోతుంది. సంపాదకుడికి కథతో పాటు ఒక చీటీ పంపండి: తాడు, డబ్బా, రైలు పట్టాలు బొమ్మలో వద్దు. పెద్దక్షరాల్లో వేసే వాక్యం ఏదో కూడా మీరే సూచించండి, లేకపోతే అందులోకెల్లా ప్రమాదకరమైనదే ఏరి వేస్తారు. ఇంటర్ ఫలితాలు వచ్చే వారంలో పరీక్ష తప్పిన పిల్లవాడి చావు కథ వేయవద్దని అడగండి. నెల ఆగితే కథ పాచిపోదు.

ఫోను మోగితే

ఇది చాలామంది చెప్పరు. బరువైన కథ రాశాక ఎవరో ఒకరు మాట్లాడతారు. పొదిలి రైతు ఫోను చేసినప్పుడు నేను చేసిన తప్పు ఏమిటంటే, నా కథలోని వెటకారాన్ని అతనికి విప్పి చెప్పడం మొదలుపెట్టాను. "అది కాదన్నా నా ఉద్దేశం" అంటూ పది నిమిషాలు. అతను మర్యాదగా విని పెట్టేశాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మర్నాడు పొద్దున నేనే చేసి, "అన్నా, సూటిగా అడుగుతున్నాను, మీకు చనిపోవాలనిపిస్తోందా?" అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత మాట్లాడాడు, గంటసేపు.

అలా అడిగితే లేని ఆలోచన కొత్తగా పుట్టదు. మానసిక వైద్యులు ఈ విషయంలో గట్టిగా ఉన్నారు. కాబట్టి సూటిగా అడగండి, జవాబును తొందరపెట్టకండి, పురాణం చెప్పకండి. ఇంట్లో ఎవరికి తెలుసో అడిగి, వాళ్లలో ఒకరితో మాట్లాడేందుకు ఒప్పించండి. 14416 నంబరు ఇవ్వండి, వీలైతే మీరు లైనులో ఉండగానే ఇంకో ఫోనులో చేయించండి. అప్పటికే ఏదైనా చేసుకున్నారని తెలిస్తే 108కి. మీరు వైద్యులు కారు. ఏ వేళనైనా నాకు ఫోను చేయండి అని మాట ఇవ్వకండి, నిలబెట్టుకోలేరు, నిలబెట్టుకోలేని మాట అతనికి ఇంకో తలుపు మూసినట్టు అవుతుంది. ఆ సంభాషణను ఇంకో కథగా మార్చకండి. ఇక్కడ ఆ రైతు గురించి రాసే ముందు ఆయన్ను అడిగాను. ఊరు చెప్పవద్దన్నాడు, పొదిలి వైపు అంటే పరవాలేదన్నాడు.

అన్నీ చేసినా ఎక్కడో ఎవరో మీ కథను తప్పుగా చదువుతారు. ఆ బరువంతా మోయలేరు, మోయనవసరం లేదు. పెన్సిలు పెట్టారా లేదా అన్నదానికి మాత్రం మీరే జవాబుదారు.

అచ్చయిన కథను కూడా దిద్దవచ్చు

పత్రికలో వచ్చినది రాయి కాదు. నా కథ సంపుటిలోకి వెళ్లేటప్పుడు చివరి పేజీ తీసేసి, చావు తరవాతి ఆరు నెలల కథ రాశాను. చెక్కు రాదు. మరణం వ్యవసాయం వల్లే జరిగిందని డివిజన్ స్థాయి కమిటీ తేల్చాలి. కౌలు కాగితం లేదు, భూమి గలాయన నోటిమాట మీద ఇచ్చాడు, ఇప్పుడు సంతకం పెట్టడు. పరిహారం ఎంతో అంకె కథలో రాయలేదు, ఇక్కడా కావాలనే రాయడం లేదు. అప్పులవాళ్లు పెద్దకర్మ వరకు ఆగి ఆ మర్నాడే వస్తారు. కూతురు కాలేజీ మానేసి బట్టల కొట్లో చేరుతుంది. భార్య ఒక ప్లాస్టిక్ సంచిలో కాగితాలు పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతుంది. ఒక్క నీతి వాక్యం కలపలేదు. కథ పాతదానికంటే చీకటిగానే ఉంది, కాకపోతే ఇప్పుడు ఆ చావు దేన్నీ తేల్చదు.

సంపుటి వచ్చిన రెండు నెలలకు, అలా భర్తను పోగొట్టుకున్న ఒకావిడ ఊరి గ్రంథాలయంలో దాన్ని చదివి, నంబరు కనుక్కుని ఫోను చేసింది. కథ గురించి ఏమీ అనలేదు.

"ఒక ఆఫీసు మర్చిపోయారయ్యా. పోస్టుమార్టం కాగితం నకలు కోసం నాలుగు సార్లు తిప్పుతారు."

ఎర్ర పెన్సిలు తీసుకుని నా ప్రతిలో ఆ పేజీ అంచున రాసుకున్నాను. రెండో ముద్రణలో చేరుస్తాను.